డీ-అడిక్షన్ నుంచి ఇంటికొచ్చాను, వచ్చే నెల మేనకోడలి పెళ్లి. తాగకుండా గట్టెక్కేదెలా?

వైండింగ్_షాపు_కరీంనగర్:

అందరికీ నమస్తే. నాకు 39. కరీంనగర్ దగ్గర ఒక చిన్న టౌన్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. తాగుడు చాలా ఏళ్ల నుంచి ఉన్నదే, చివరికి ఎక్కడికొచ్చిందంటే పొద్దున లేవగానే ఒక నైంటీ లోపల పడితే గాని చేతులు వణకడం ఆగేది కాదు, రాగి తీగ పట్టుకోలేకపోయేవాణ్ణి. ఇంట్లోవాళ్లు, మా బావ కలిసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించారు. నెల పైన అక్కడే ఉండి ఈమధ్యే ఇంటికొచ్చాను.

లోపల మొదటి నాలుగైదు రోజులు నరకం. ఆ తర్వాత నిజం చెప్పాలంటే పెద్ద కష్టమేమీ అనిపించలేదు. టైముకు తిండి, టైముకు నిద్ర, చేతిలో ఫోన్ లేదు, జేబులో రూపాయి లేదు. మానడమంటే ఇంతేనా అనుకున్నాను. బయటికొచ్చాక అసలు సంగతి తెలుస్తోంది. పంపించే రోజు మాత్రల చీటీ చేతిలో పెట్టి "మీటింగులకు వెళ్లండి, పాత స్నేహాలు వదిలేయండి" అన్నారు, అంతే. మీటింగులేమో హైదరాబాద్‌లో. పాత స్నేహాలంటే నా కస్టమర్లే. మోటార్ కాలిందంటే పొలం ఎండిపోతుంది కాబట్టి రైతు రాత్రికి రాత్రి చుట్టి ఇవ్వమంటాడు, కూలీతో పాటు ఒక క్వార్టర్ తెచ్చి బల్ల మీద పెడతాడు. మా దగ్గర అది మర్యాద. వద్దంటే "ఏందన్నా, మా మీద కోపమా" అంటాడు.

సాయంత్రం ఆరు దాటిందంటే ఒంట్లో ఏదో మొదలవుతుంది. తాగాలనే కాదు, ఊరికే కాలు నిలవదు. నిద్ర కూడా సరిగ్గా లేదు. నా భార్య ఒక్క మాట అనదు గాని, నేను ఇంట్లో అడుగు పెట్టగానే ఏదో అందిస్తున్నట్టు దగ్గరికొచ్చి నోటి వాసన చూస్తుంది. నాకు తెలిసిపోతుంది. తప్పు ఆమెది కాదని తెలుసు, అయినా చిర్రెత్తుకొస్తుంది.

వచ్చే నెల మేనకోడలి పెళ్లి. ఉన్న ఒక్క మేనమామను నేనే, వెళ్లకుండా కుదరదు. దావత్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. పైగా మా బాబాయి "మందు మానేస్తే మానేయ్, కల్లు మందు కాదు కదరా, రెండు సీసాలు తాగితే ఒళ్లు చల్లబడుతుంది" అంటున్నాడు. ఇందులో నిజమెంత? ఇలాంటివి దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారి_గట్టు:

బ్రదర్, అంతా మనసులోనే ఉంటుంది. గట్టిగా అనుకుంటే ఎవడైనా మానేస్తాడు. మా అన్నయ్య రోజూ ఫుల్లు లేపేసేవాడు, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు, చేతులూ వణకలేదు. మీటింగులు, మాత్రలు డబ్బు దండగ. మాల వేసుకో, స్వామే చూసుకుంటాడు.

బోయిన్‌పల్లి_భాయ్:

గోదారి అన్నా, మీ అన్నయ్యను తక్కువ చేయడం లేదు, నేను కూడా చాలాసార్లు మాల వేసినవాణ్ణే. కానీ ఆ 41 రోజులు నన్ను ఆపింది నా మనసు గట్టిదనం కాదు. చీకటితోనే చన్నీళ్ల స్నానం, సాయంత్రం పీఠం దగ్గర పూజ, భజన, భిక్షకు పదిమందితో కలిసి కూర్చోవడం. ఆరింటికి కాలు నిలవని టైమే ఉండదు, ఎందుకంటే ఆ టైములో నువ్వు ఎక్కడుండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. నల్లబట్టలు చూసి ఊళ్లో ఎవడూ గ్లాసు చేతికివ్వడు, పాత దోస్తు కూడా "స్వామీ" అని దండం పెట్టి పక్కకు పోతాడు. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. శబరిమల నుంచి వచ్చే దారిలోనే, ఇంటికి కూడా రాకుండా వైన్ షాపు దగ్గర ఆగినవాళ్లు నాకు తెలుసు. భక్తి లేక కాదు, చుట్టూ ఉన్న మనుషులు లేక.

కరీంనగర్ తమ్ముడూ, నీకిప్పుడు కావలసింది మాల తీశాక కూడా ఉండే మనుషులు. నాకు వాళ్లు ఏఏలో దొరికారు, అదే ఆల్కహాలిక్స్ అనానిమస్. అక్కడ ఏముంటుందో చాలామందికి తెలియక భయపడతారు కాబట్టి చెబుతున్నా. ఏ చర్చి హాల్లోనో స్కూలు గదిలోనో కుర్చీలు వేసుకుని గంటో గంటన్నరో కూర్చుంటాం. ఫీజు లేదు, సంతకం లేదు, ఇంటి పేరు అడగరు. మానాలనే కోరిక ఉంటే చాలు. ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అందుకుని సలహాలివ్వరు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, ఉంటే పది రూపాయలు వెయ్, లేకపోతే పక్కవాడికి అందించు. దేవుడి ప్రస్తావన వస్తుంది గాని ఎవరి దేవుడు వారికే. నేను మొదట వెళ్లినప్పుడు నోరు విప్పలేదు, చాయ్ తాగి వచ్చేశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈ ఏఏ ఎలా మొదలైందో నీ పెళ్లి విషయానికి పనికొస్తుంది, విను. 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ ఆయన పని మీద ఏక్రన్ అనే ఊరు వెళ్లాడు. అప్పటికి మానేసి కొన్ని నెలలే. పని చెడింది, హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, లాబీలో ఒక పక్క బార్ సందడి వినబడుతోంది. ఆయన బార్ వైపు పోకుండా ఫోన్ దగ్గరికి పోయి, ఊళ్లోని చర్చిలకు వరసగా ఫోన్లు చేసి, నాలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉంటే మాట్లాడాలి అని అడిగాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్. ఆ ఇద్దరితో మొదలైంది ఇదంతా. నువ్వు చేయాల్సింది కూడా అంతే. పెళ్లికి వెళ్లేముందే ఇద్దరు ముగ్గురి నంబర్లు ఫోన్‌లో పెట్టుకో, మనసు లాగినప్పుడు తాగాక కాదు తాగకముందే చెయ్. మీ టౌన్‌లో మీటింగ్ లేకపోయినా ఆన్‌లైన్‌లో తెలుగు మీటింగులు నడుస్తుంటాయి, కెమెరా ఆపేసి కూర్చున్నా అడిగేవాళ్లుండరు.

పెళ్లి సంగతి. అక్కకు, బావకు ఇప్పుడే చెప్పు, ఆ రోజు దాకా ఆగకు. బావే నిన్ను చేర్పించాడంటున్నావు కాబట్టి సగం పని అయినట్టే, మగవాళ్ల సిట్టింగ్ ఏ గదిలో ఉంటే ఆ గది వైపు నిన్ను ఎవరూ పిలవకుండా చూసే పూచీ ఆయనకు అప్పగించు. నువ్వు ఏదో ఒక పని నెత్తిన వేసుకో, వంటల దగ్గరో, చుట్టాలను దించుకునే దగ్గరో. ఆకలితో ఉండకు, కడుపు మాడితే కోపం, కోపమొస్తే మందు, ఆ దారి నీకూ తెలిసిందే. కూల్‌డ్రింక్ నువ్వే మూత తీసింది తాగు, మనవాళ్లు ప్రేమ ఎక్కువైతే అందులో కలిపిస్తారు. బండి నీదే తీసుకెళ్లు, ఇంకొకరి కారులో పోతే వాళ్లు కదిలేదాకా ఇరుక్కుపోతావు. మేనమామ చేయాల్సినవి అయిపోయాక రాత్రి ఉండాల్సిన అవసరం లేదు.

అసలు నన్నడిగితే పెళ్లికంటే చావు కష్టం. పెళ్లిలో తప్పించుకోవచ్చు. మా పెదనాన్న పోయినప్పుడు, పిట్టకు పెట్టే రోజు, విస్తరిలో అన్నం, మాంసం పెట్టి ఆయన తాగే బ్రాండు సీసా పక్కన పెట్టారు. తర్వాత ఇంటి మగవాళ్లంతా తలో గుక్క తీసుకోవాలన్నారు. ఏడుస్తున్న ఇంట్లో నేను తాగను అని గొడవ పెట్టుకోలేను కదా. మూతలో పోసి నా చేతికిచ్చారు, నేను సాక పోసినట్టు నేల మీద పోసి దండం పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన అదే పద్ధతనుకుని తను కూడా అలాగే పోశాడు.

నెల్లూరు_అక్క:

నేను తాగినామెను కాదు, తాగిన ఆయన భార్యను. కాబట్టి మీ ఆవిడ వైపు నుంచి నాలుగు మాటలు చెప్పనీయండి తమ్ముడూ.

ఆ వాసన చూడటం ఆమెకు మాత్రం ఇష్టమా? గేటు చప్పుడు ఎలా అయింది, చెప్పులు ఎలా విడిచాడు, అడుగు సరిగ్గా పడుతోందా, ఇవన్నీ ఏళ్ల తరబడి వినీ వినీ ఒంటికి పట్టేస్తాయి. మీరు మానేశారని ఆమె చెవులకు ఇంకా తెలియదు. మా ఇంట్లో కూడా ఇదే నడిచింది, నేను బాత్రూం పైన, స్కూటర్ డిక్కీలో వెతికేదాన్ని, ఆయన వెతికించుకుంటున్నందుకు అలిగేవాడు. చివరికి డాక్టరమ్మ ఒక ఏర్పాటు చెప్పింది. పొద్దున కాఫీతో పాటు ఆయన మాత్ర నా ఎదురుగా వేసుకుంటాడు. అది అయ్యాక ఆ రోజంతా నేను ఏమీ అడగను, వెతకను. ఎంత చిన్న సంగతో చూడండి, మా ఇంట్లో సగం రభస అక్కడితో పోయింది. మీరు కూడా ఆమెతో కూర్చుని ఇలాంటిదేదో మాట్లాడుకోండి, ఆమె అడగకముందు మీరే అడగండి.

ఆమెకు కూడా ఎవరో ఒకరు కావాలి. ఏఏ లాగే ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ అని ఉంది, 1951లో ఆ బిల్ భార్య లోయిస్, ఇంకో ఆమె కలిసి పెట్టారు. అందులో భర్తను ఎలా మార్చాలో చెప్పరు, ముందు మనం ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతారు. నేను మొదటిసారి విని తిక్కగా ఉందే అనుకున్నాను.

మాది దూబగుంట వైపే. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్లింది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997కల్లా మళ్లీ వచ్చేసింది. మా నాన్న మధ్యలో ఆ రెండేళ్లు దొంగసరుకు తాగాడు. దుకాణం మూయించడానికి ఊరంతా కావాలి, మంచిదే, కాదనను. కానీ ఆ లోపల ఇంట్లో ఆయన సాయంత్రం ఆరింటికి ఏం చేస్తాడనేది మనమే చూసుకోవాలి. మా ఆయన ఇప్పుడు ఆ టైముకు పిల్లలకు లెక్కలు చెబుతానని కూర్చుంటాడు. పిల్లలకు నచ్చదనుకోండి.

వార్డ్_నర్సు_వైజాగ్:

డీ-అడిక్షన్ వార్డులో చాలాకాలం చేశాను, అందుకే ముందు కల్లు సంగతి. వద్దు. కల్లులో ఉన్నది కూడా అదే ఆల్కహాల్, మీ మెదడు తాటిచెట్టుకు, ఫ్యాక్టరీకి తేడా చూడదు. అంతకంటే ముఖ్యం, తెలంగాణలో దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారనేది కొత్త సంగతి కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. ఆ కల్లుకు అలవాటు పడి ఆపినవాళ్లకు వచ్చే ఫిట్స్, పిచ్చి చూపులు, ఎర్రగడ్డ ఆసుపత్రి వాళ్లను అడగండి చెబుతారు. మీ బాబాయి మంచి మనసుతోనే అంటున్నాడు, కానీ ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో పడేస్తున్నాడు.

మీరు మాత్రలు ఏవో రాయలేదు. డైసల్ఫిరామ్ అయితే, ఎస్పెరాల్ అని వస్తుంది, అది వేసుకుంటూ మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. పెళ్లి ముందు రెండు రోజులు ఆపేస్తే సరిపోతుందని కొందరు తెలివి చూపిస్తారు, మాత్ర ఆపాక రెండు వారాల దాకా కూడా దాని ప్రభావం ఉండొచ్చు. దగ్గు సిరప్‌లో, మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉంటుంది, అవి కూడా చూసుకోవాలి. లివర్ పరీక్ష మధ్యమధ్యలో చేయించాలి. ఇది చదివే ఇంట్లోవాళ్లకు ఒక మాట: పత్రికల్లో ప్రకటనలు చూసి "తెలియకుండా తాగుడు మాన్పించే పొడి" కొని సాంబార్లో కలపకండి. అందులో ఏముందో మీకు తెలియదు, అది డైసల్ఫిరామే అయి ఆయన బయట తాగితే మీ చేతులారా ఆసుపత్రి పాలు చేసినట్టే.

నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వేరే రకం, అవి యావ తగ్గించడానికి. వాటితో తాగితే అలా రియాక్షన్ రాదు. ఎవరికి ఏది అనేది లివర్, కిడ్నీ చూసి డాక్టరే తేల్చాలి. ఒళ్లు బాగుందని నెలకే ఆపేయకండి, మామూలుగా నెలల తరబడి వాడిస్తారు. మీ చీటీ పట్టుకుని జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు, ప్రతిసారీ హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు.

నిద్ర సంగతి. మానాక నిద్ర దారిలో పడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది, అది మీ ఒక్కరికే కాదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం తెచ్చుకోకండి, మందు మానినవాళ్లు వాటికి తొందరగా అలవాటు పడతారు. ఇంకొకటి, ఇది చాలామంది దాచిపెడతారు: చికిత్స తర్వాత మళ్లీ ఒకసారి తాగేవాళ్లు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారని అమెరికా లెక్కలు, బీపీ, ఉబ్బసం రోగులు మందులు తప్పి మళ్లీ మొదటికొచ్చినట్టే. ఒకవేళ జారితే "ఇక అయిపోయింది" అని వారం రోజులు ఏకబిగిన తాగకుండా మర్నాడే ఫోన్ చేయండి. మళ్లీ రోజూ తాగడం మొదలైపోతే ఇంట్లో మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ వస్తాయి, ఆసుపత్రిలోనే ఆపాలి. టెలీ మానస్ 14416, రాత్రీపగలూ, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసం కేంద్రం హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.

గోదారి_గట్టు:

మాత్రల సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ ఈ ఏఏ వాళ్లు ఏళ్ల తరబడి మీటింగులకు తిరుగుతూనే ఉంటారు, మానేశాక కూడా "నేను ఆల్కహాలిక్" అంటూనే ఉంటారు. అది ఇంకో వ్యసనం కాదా?

బోయిన్‌పల్లి_భాయ్:

అయ్యుండొచ్చన్నా. దానివల్ల నా లివర్ పాడవలేదు, మా ఆవిడ పుట్టింటికి పోలేదు. అందరికీ ఇదే సరిపడుతుందని కూడా అనను, మా బ్యాచ్‌లోనే ఒకడు రెండు మీటింగులు చూసి నాకొద్దన్నాడు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తూ బాగానే ఉన్నాడు.

దోహా_రూమ్‌మేట్:

జగిత్యాల నుంచి వచ్చి దోహాలో ఉంటున్నా. ఇక్కడ మందు దొరకదని చాలామంది ఇళ్లవాళ్లు గల్ఫ్ పంపిస్తే బాగుపడతాడనుకుంటారు. దొరకాలంటే ఎక్కడైనా దొరుకుతుంది, పట్టుబడితే మాత్రం జైలు, తిప్పి పంపేయడం. శుక్రవారం సెలవు రోజే ప్రమాదం, రూంలో అందరూ ఉంటారు, పని ఉండదు. నేను ఫోన్‌లో తెలుగు మీటింగ్ పెట్టుకుని ఇయర్‌ఫోన్స్‌తో మేడ మీదికి పోతా. అన్నా, నువ్వు కూడా షాపులోనే ఫోన్ పెట్టుకుని వినొచ్చు, మోటార్ చుట్టుకుంటూ.

వైండింగ్_షాపు_కరీంనగర్:

ఇంతమంది రాస్తారనుకోలేదు. బావతో మాట్లాడాను, నువ్వు చెప్పేదేంది, నేను ఆ గదికి తాళం వేయిస్తా అన్నాడు. మాత్ర అదే, ఎస్పెరాల్. రేపటి నుంచి ఇంట్లో ఆమె ముందు వేసుకోవాలనుకుంటున్నా. ఆ మాట చెబితే ఆమె ఏమీ అనలేదు, "టిఫిన్ అయ్యాకనా, ముందా" అని మాత్రం అడిగింది. బాబాయికి కల్లు సంగతి చదివి వినిపించాను, ఆయన నమ్మలేదు, సరే.

ఒక్కటే మిగిలింది. రాత్రి పనికి వచ్చే రైతులు. సీసా బల్ల మీద పెట్టి పోతే నేనేం చేయాలి? పారబోస్తే వాళ్లకు అవమానం, ఉంచితే నాకు ప్రమాదం. గిరాకీ పోతే పిల్లల ఫీజులెలా?

ట్రాక్టర్_షెడ్డు_సిద్దిపేట:

నాది మెకానిక్ షెడ్డు, నాకూ ఇదే తంటా ఉండేది. మాటలతో చెబితే బతిమాలుతారు, బోర్డు రాయించు. "రాత్రి అర్జెంట్ పనికి అదనంగా ఇంత, ఫోన్‌పే లేదా నగదు మాత్రమే." క్వార్టర్ ఖరీదు ఎంతో అంతకే రేటు పెట్టు, రైతుకు పైసా ఎక్కువ కాదు, నీకు గల్లాలో పడుతుంది. మొదటి రెండు వారాలు గొణుగుతారు. ఈ చుట్టుపక్కల రాత్రి పూట మోటార్ చుట్టేవాడు నువ్వు తప్ప ఎవడున్నాడు, పోయి ఎక్కడికి పోతారు? ఎవరైనా తెచ్చినా చేత్తో ముట్టకు, తెచ్చినవాడినే బండి సంచిలో పెట్టుకోమను. షాపులో పనిచేసే పిల్లాడికి కూడా చెప్పి ఉంచు, నువ్వు లేనప్పుడు వాడి చేతికిచ్చి పోతారు. మా దగ్గర అదే జరిగింది, వాడు పాపం భద్రంగా టూల్ బాక్స్‌లో దాచి నాకే తెచ్చిచ్చాడు.